సొరుగులో పడున్న పాత ఫోన్‌కి కొత్త ఓఎస్: వన్‌ప్లస్ 6 మీద లీనియేజ్ ఎక్కించడం, మొదటి నుంచి చివరి దాకా

మీ ఇంట్లో ఏదో ఒక సొరుగులో పాత ఫోన్ ఒకటి ఉండే ఉంటుంది. స్క్రీన్ బాగానే ఉంటుంది, స్పీకర్ బాగానే ఉంటుంది, బ్యాటరీ కాస్త నీరసించి ఉంటుంది, అంతే. దాన్ని పక్కన పడేసింది అది పాడైపోయినందుకు కాదు, కంపెనీ అప్‌డేట్లు ఆపేసినందుకు. నా వన్‌ప్లస్ 6 సంగతీ అంతే. 2018 మే నెలలో వచ్చిన ఫోన్, కంపెనీ ఆండ్రాయిడ్ 11 దగ్గర ఆపేసింది. లోపలున్న స్నాప్‌డ్రాగన్ 845 చిప్‌కి మాత్రం ఏ రోగమూ లేదు. హైదరాబాద్ జగదీష్ మార్కెట్‌లో బ్యాటరీ మార్పించి, లీనియేజ్ ఓఎస్ ఎక్కించా. ఇప్పుడది ఆండ్రాయిడ్ 15 మీద నడుస్తోంది, సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా వస్తున్నాయి.

ఆ పని ఎలా చేయాలో పూర్తిగా చెప్తా. ఒక మాట ముందే గట్టిగా చెప్పాలి: ఎక్కించడానికి పట్టేది అరగంట, దానికి సిద్ధం కావడానికి పట్టేది ఒక పూట. ఫోన్ పాడుచేసుకున్న వాళ్లలో చాలామంది ఆ పూట పనిని దాటేసి నేరుగా అరగంట పనిలోకి దూకిన వాళ్లే.

ముందు ఏది ఎవరికో తేల్చుకోండి

ఆండ్రాయిడ్ అసలు కోడ్ ఓపెన్ సోర్సే. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. దాని మీద గూగుల్ వేసే పొర, అంటే ప్లే స్టోర్, ప్లే సర్వీసెస్ లాంటివి మాత్రం ఓపెన్ కావు. ఆ పొర తీసేసి లేదా వేరే దానితో మార్చి తయారుచేసిన ఓఎస్‌లు ఒక రకం, అసలు ఆండ్రాయిడే కాకుండా కంప్యూటర్ల మీద నడిచే లైనక్స్‌నే ఫోన్‌కి తెచ్చినవి ఇంకో రకం.

మొదటి రకంలో అన్నిటికన్నా ఎక్కువ ఫోన్లకి దొరికేది లీనియేజ్ ఓఎస్. ఒకప్పటి ఆండ్రాయిడ్ ఆధారిత ఓఎస్ సైనోజెన్‌మాడ్ పేరు గుర్తుందా? 2016 చివర్లో దాని వెనకున్న కంపెనీ సేవలు ఆపేస్తే, అదే కోడ్‌ని తీసుకుని వాలంటీర్లు లీనియేజ్‌గా నడిపించారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా ఇదే. భద్రత అన్నిటికన్నా ముఖ్యం అనుకునేవాళ్లకి గ్రాఫీన్ ఓఎస్ ఉంది, కాకపోతే అది గూగుల్ పిక్సెల్ ఫోన్లకి మాత్రమే వస్తుంది. అందులో గూగుల్ ప్లే కావాలంటే మామూలు యాప్‌లా వేసుకోవచ్చు, దానికి ప్రత్యేక అధికారాలేవీ ఉండవు. గూగుల్ ఊసే వద్దు, అన్నీ ముందే అమర్చి ఉండాలి అంటే ఈ-ఓఎస్ చూడండి. ఒకప్పుడు మాండ్రేక్ లైనక్స్ తెచ్చిన గేల్ డువల్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. గూగుల్ సర్వీసుల పని చేసే మైక్రోజీ అందులో ముందే ఉంటుంది.

రెండో రకంలో ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ ఓఎస్ ముఖ్యమైనవి. ఉబుంటు టచ్‌ని ఉబుంటు తయారుచేసే కంపెనీ కెనానికల్ 2017లో వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే బృందం ఎత్తుకుని ఇప్పటికీ నడుపుతోంది. పోస్ట్‌మార్కెట్ కూడా 2017లోనే మొదలైంది, ఒక ఫోన్ పదేళ్లు బతకాలన్నది వాళ్ల లక్ష్యం. రెండూ నాకు చాలా ఇష్టం, కానీ రోజూ జేబులో పెట్టుకుని తిరిగే ఫోన్‌లో వేయమని మాత్రం చెప్పను.

ఇలాంటి ప్రయోగాలు ఎక్కడో జరుగుతాయి అనుకోకండి. 2017లో వచ్చిన జియోఫోన్‌లో ఉన్న కైఓఎస్, మొజిల్లా వదిలేసిన ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ నుంచి పుట్టిందే. ఊళ్లలో ఎన్ని వేలమంది దాంతో పాటలు విన్నారో, వాళ్లెవరికీ ఆ పేరే తెలియదు.

ఏం పని చేయదో ముందే తెలుసుకోండి

ఇది చదవకుండా కిందికి వెళ్లొద్దు, మన దేశంలో ఉన్నవాళ్లకి మరీ ముఖ్యం.

మొదటిది యూపీఐ. బూట్‌లోడర్ (ఏ ఓఎస్‌ని రానివ్వాలో తేల్చే ప్రోగ్రామ్, దాన్ని తెరిస్తేనే వేరే ఓఎస్ ఎక్కుతుంది) తెరిచిన ఫోన్‌ని గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ పరీక్ష నమ్మదు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు కొన్ని ఆ పరీక్ష చూసి తెరుచుకోవు, కొన్ని ఇవాళ తెరుచుకుని వచ్చే నెల అప్‌డేట్ తర్వాత మొండికేస్తాయి. ఆ పరీక్షని ఏమార్చే మాడ్యూల్స్ ఉన్నాయి, వాటి గురించి నేనిక్కడ చెప్పను. డబ్బు తిరిగే యాప్ చుట్టూ అలాంటి పనులు చేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. యూపీఐ మీ మామూలు ఫోన్‌లోనే ఉంచండి, ప్రయోగం రెండో ఫోన్‌లో చేయండి. ఉన్నది ఒక్క ఫోనే అయితే, ఆగండి.

రెండోది కాల్స్. జియో 4జీతోనే మొదలైన నెట్‌వర్క్, కింద 2జీ, 3జీ లేవు. అంటే ఓఎస్‌లో వోల్టే, అంటే 4జీ మీదే కాల్స్ వెళ్లే ఏర్పాటు, లేకపోతే జియో సిమ్‌తో మామూలు కాల్ వెళ్లదు, రాదు. లీనియేజ్‌లో చాలా ఫోన్లకి వోల్టే ఉంటుంది. ఉబుంటు టచ్, పోస్ట్‌మార్కెట్ ఓఎస్‌లలో మాత్రం వోల్టే పనిచేసే ఫోన్లు తక్కువ. ఎయిర్‌టెల్ సిమ్ అయితే 2జీ మీద కాల్ వెళ్తుంది కాబట్టి ప్రయోగానికి అదే నయం.

మూడోది వీడియో. బూట్‌లోడర్ తెరిచాక కొన్ని ఫోన్లలో వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా కాపాడే గూగుల్ ఏర్పాటు) స్థాయి తగ్గిపోయి, ఓటీటీ యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు. సినిమాలు చూడ్డానికే ఆ ఫోన్ ఉంచుకుని ఉంటే ఇది ఆలోచించుకోవాల్సిన సంగతి.

ఫోన్ ఎంపిక

చేతిలో ఉన్న ఫోన్‌తోనే చేయాలని అందరికీ ఉంటుంది, కానీ అన్ని ఫోన్లూ ఒప్పుకోవు. లీనియేజ్ వాళ్ల వికీలో ఫోన్ల జాబితా ఉంది. మీ మోడల్ అక్కడ ఉందా, దాని కోడ్‌నేమ్ ఏంటి అన్నది చూసుకోండి. వన్‌ప్లస్ 6 కోడ్‌నేమ్ ఎన్‌చిలాడా, 6టీది ఫహీటా, పోకో ఎఫ్1ది బెరీలియం. ఫైళ్లన్నీ కోడ్‌నేమ్ పేరుతోనే ఉంటాయి, ఒకదానిది ఇంకోదానికి వేస్తే అంతే సంగతులు.

షావోమీ, రెడ్‌మీ, పోకో ఫోన్లలో బూట్‌లోడర్ తెరవాలంటే కంపెనీ అనుమతి కావాలి. మీ అకౌంట్ ముడిపెట్టి వారం రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, ఎదురుచూడాలి. శాంసంగ్‌లో తెరిస్తే వాళ్ల భద్రతా ఏర్పాటు నాక్స్ ఫ్యూజ్ శాశ్వతంగా కాలిపోతుంది, మళ్లీ మామూలు సాఫ్ట్‌వేర్ వేసినా సెక్యూర్ ఫోల్డర్ లాంటివి తిరిగి రావు. వివో అయితే కంపెనీ పరంగా దారే లేదు. పాత వన్‌ప్లస్‌లు, పిక్సెల్‌లు ఈ విషయంలో మంచివి: ఎవర్నీ అడగక్కర్లేదు, ఒక్క కమాండ్ చాలు. సెకండ్ హ్యాండ్‌లో ప్రయోగం కోసమే కొంటుంటే నేను వీటినే కొనమంటా.

సిద్ధం కావడం

ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్, కాంటాక్టులు, ఓటీపీ యాప్‌లోని కోడ్‌లు అన్నీ బయటికి తీయండి. బూట్‌లోడర్ తెరవగానే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అడగడం బతిమాలడం ఉండదు. మన వాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఓటీపీ యాప్. దాన్ని వేరే ఫోన్‌లోకి మార్చాకే ముందుకెళ్లండి.

స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టి ఐఎంఈఐ నంబర్లు రెండూ కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లోని గూగుల్ అకౌంట్ తీసేయండి. లేకపోతే తర్వాత ఎప్పుడైనా పాత ఓఎస్‌కి వెళ్లినప్పుడు పాత పాస్‌వర్డ్ అడిగి కూర్చుంటుంది. ఛార్జింగ్ 80 శాతం పైన ఉండాలి. వన్‌ప్లస్ 6 అయితే ముందు కంపెనీ ఇచ్చిన చివరి ఆండ్రాయిడ్ 11కి అప్‌డేట్ చేసుకోండి. ఓఎస్ మారినా మోడెమ్ లాంటి వాటి ఫర్మ్‌వేర్ (ఆ భాగాలని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) పాతదే వాడుకుంటుంది కాబట్టి అది తాజాగా ఉండాలి.

కేబుల్ గురించి రెండు మాటలు. మొదటిసారి చేసినప్పుడు నా ఫోన్ కంప్యూటర్‌కి కనిపించలేదు. డ్రైవర్లు తీసేసి మళ్లీ వేశా, కంప్యూటర్ రెండుసార్లు రీస్టార్ట్ చేశా, గంటన్నర టెన్షన్ పడ్డాక తేలిందేంటంటే ఆ కేబుల్‌లో డేటా తీగలే లేవు, ఛార్జింగ్ మాత్రమే అవుతుంది. కాబట్టి ఆ కేబుల్‌తో ముందు ఒక ఫోటో కాపీ చేసి చూడండి. కాపీ అయితేనే పనికొస్తుంది. హబ్ ద్వారా కాకుండా నేరుగా పెట్టండి, పాత యూఎస్‌బీ 2 పోర్ట్ ఉంటే దానికే పెట్టండి, ఫోన్‌లోకి ఫైళ్లు రాసే ఫాస్ట్‌బూట్ అనే పనిముట్టు కొత్త పోర్ట్‌ల మీద కొన్నిసార్లు తడబడుతుంది.

కంప్యూటర్‌లో గూగుల్ వాళ్ల ప్లాట్‌ఫామ్ టూల్స్ దించుకుని విప్పండి, అందులోనే ఏడీబీ (కంప్యూటర్ నుంచి ఫోన్‌కి ఆదేశాలు పంపేది), ఫాస్ట్‌బూట్ ఉంటాయి. తర్వాత లీనియేజ్ డౌన్‌లోడ్ పేజీలో ఎన్‌చిలాడా కింద రెండు ఫైళ్లు కావాలి: బూట్ ఇమేజ్, అసలు ఓఎస్ ఉన్న జిప్. వికీలో కాపీ పార్టిషన్స్ అనే చిన్న జిప్‌కి లింక్ ఉంటుంది, అదీ దించండి. గూగుల్ యాప్‌లు కావాలనుకుంటే మైండ్‌ద గ్యాప్స్ ప్యాకేజీ, సరిగ్గా అదే ఆండ్రాయిడ్ వెర్షన్‌ది, ఏఆర్‌ఎం64 అని ఉన్నది తీసుకోండి. పేజీలో ఫైల్ పక్కనే షా256 అని పొడుగాటి అంకె ఉంటుంది. మీరు దించిన ఫైల్‌ది లెక్కగట్టి రెండూ సరిపోయాయో లేదో చూడండి. నెట్ మధ్యలో తెగి సగం దిగిన ఫైల్ చూడ్డానికి మామూలుగానే ఉంటుంది.

ఇక్కడి నుంచి కమాండ్లన్నీ తెలుగులో రాస్తున్నా. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లీష్ చిన్నబడి అక్షరాల్లో కొట్టండి.

మొదటి అడుగు: బూట్‌లోడర్ తెరవడం

బూట్‌లోడర్ అంటే ఫోన్ ఆన్ చేయగానే అన్నిటికన్నా ముందు లేచే చిన్న ప్రోగ్రామ్. ఏ ఓఎస్‌ని లోపలికి రానివ్వాలో తేల్చేది అదే. కంపెనీ సంతకం ఉన్నదాన్నే రానిస్తుంది, ఇప్పుడు మనం ఆ షరతు తీసేస్తున్నాం.

సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి వెళ్లి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ఓఈఎమ్ అన్‌లాకింగ్, యూఎస్‌బీ డీబగ్గింగ్ రెండూ ఆన్ చేయండి. కేబుల్ పెట్టి కంప్యూటర్‌లో "ఏడీబీ డివైసెస్" కొట్టండి. అన్‌ఆథరైజ్డ్ అని వస్తే కంగారొద్దు, ఫోన్ స్క్రీన్ చూడండి, ఈ కంప్యూటర్‌ని నమ్మాలా అని అడుగుతుంటుంది. సరే అనండి.

"ఏడీబీ రీబూట్ బూట్‌లోడర్" కొట్టగానే ఫోన్ ఫాస్ట్‌బూట్ తెరకి వెళ్తుంది. "ఫాస్ట్‌బూట్ డివైసెస్" కొడితే ఒక సీరియల్ నంబర్ కనపడాలి. ఏమీ రాకపోతే విండోస్‌లో అది డ్రైవర్ సమస్య. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ఉన్నదానికి గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ వేయండి. లైనక్స్ వాడేవాళ్లకి ఈ బాధ చాలా తక్కువ.

ఇక "ఫాస్ట్‌బూట్ ఓఈఎమ్ అన్‌లాక్". ఫోన్‌లో హెచ్చరిక వస్తుంది, వాల్యూమ్ బటన్‌తో అన్‌లాక్ మీదికి వెళ్లి పవర్ నొక్కండి. ఫోన్ తుడుచుకుని కొత్త ఫోన్‌లా లేస్తుంది. ఇకమీదట ఆన్ చేసినప్పుడల్లా బూట్‌లోడర్ తెరిచి ఉందన్న హెచ్చరిక కొన్ని సెకన్లు కనిపిస్తుంది, అది మామూలే. సెటప్ దాటేసి, డీబగ్గింగ్ మళ్లీ ఆన్ చేసుకోండి.

రెండో అడుగు: రికవరీ

రికవరీ అంటే ఓఎస్ లేవకుండానే ఫోన్‌ని తుడవడానికి, కొత్త ఓఎస్ వేయడానికి వాడే చిన్న ప్రోగ్రామ్. మళ్లీ ఫాస్ట్‌బూట్‌కి వెళ్లి "ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్ బూట్ డాట్ ఐఎంజీ" కొట్టండి. రికవరీ ఎక్కించడానికి బూట్‌లో ఎందుకు రాస్తున్నాం అనిపించొచ్చు. ఈ ఫోన్‌లో రికవరీకి వేరే గది లేదు, బూట్ ఇమేజ్‌లోనే ఉంటుంది. పైగా అన్నీ రెండేసి సెట్లుంటాయి, ఏ అని ఒకటి, బీ అని ఒకటి. ఒకటి వాడుకలో ఉంటే రెండోది ఖాళీగా అప్‌డేట్ కోసం ఎదురుచూస్తుంటుంది. మంచి ఏర్పాటే, కానీ రెండో సెట్‌లో ఫర్మ్‌వేర్ పాతదో, అసలు లేకుండానో ఉంటే కొత్త ఓఎస్ అక్కడికి వెళ్లి ఇరుక్కుపోతుంది. మనం దించిన కాపీ పార్టిషన్స్ జిప్ పని అదే, ఈ సెట్‌లో ఉన్నదాన్ని ఆ సెట్‌కి కూడా కాపీ చేస్తుంది. దీన్ని దాటేయకండి.

ఫాస్ట్‌బూట్ తెరలోనే వాల్యూమ్ బటన్లతో రికవరీ మోడ్ ఎంచుకోండి. లీనియేజ్ గుర్తు ఉన్న తెర రావాలి. అప్లై అప్‌డేట్, తర్వాత అప్లై ఫ్రమ్ ఏడీబీ నొక్కి, కంప్యూటర్‌లో "ఏడీబీ సైడ్‌లోడ్" (కేబుల్ ద్వారా ఫైల్ పంపి ఎక్కించడం) అని ఆ కాపీ జిప్ పేరు కొట్టండి. సంతకం సరిపోలేదు, అయినా వేయాలా అంటే అవును అనండి. అయ్యాక అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి మళ్లీ రికవరీకే రీబూట్ చేయండి.

మూడో అడుగు: ఓఎస్ ఎక్కించడం

రికవరీలో ఫ్యాక్టరీ రీసెట్, అందులో ఫార్మాట్ డేటా. పాత ఓఎస్ తాళం వేసిన డేటాని కొత్తది చదవలేదు కాబట్టి ఇది తప్పనిసరి. వెనక్కొచ్చి మళ్లీ అప్లై ఫ్రమ్ ఏడీబీ, ఈసారి లీనియేజ్ జిప్‌ని సైడ్‌లోడ్ చేయండి.

ఇక్కడే చాలామందికి గుండె ఆగినంత పని అవుతుంది. కంప్యూటర్‌లో అంకె పెరుగుతూ పెరుగుతూ 47 శాతం దగ్గర ఆగిపోతుంది. కదలదు. ఒక్కోసారి ఫెయిల్డ్ అని రాసి, దాని పక్కనే సక్సెస్ అని కూడా వస్తుంది. కేబుల్ పీకకండి! ఆ 47 శాతం లెక్క కంప్యూటర్ వేసుకునే అంచనాలో తేడా వల్ల వచ్చేదే. ఫోన్ తెర మీద ఏముందో అదే నిజం. అక్కడ పని నడుస్తుంటే నడవనివ్వండి, స్టేటస్ సున్నా అని వస్తే అంతా సవ్యంగా జరిగినట్టే.

అయిపోగానే, ఇంకేమైనా ప్యాకేజీలు వేయడానికి రికవరీకి రీబూట్ చేయాలా అని అడుగుతుంది. గూగుల్ యాప్‌లు కావాలంటే అవును అనండి. ఎందుకంటే ఓఎస్ ఎక్కింది రెండో సెట్‌లో. రీబూట్ అయితేనే రికవరీ ఆ సెట్‌కి మారుతుంది, అప్పుడే గూగుల్ ప్యాకేజీ సరైన చోట పడుతుంది. దాన్నీ సైడ్‌లోడ్ చేయండి. సంతకం సరిపోలేదని ఇక్కడ కూడా అంటుంది, అది లీనియేజ్ వాళ్ల సంతకం కాదు కాబట్టి అనడం సహజం, యెస్ నొక్కండి.

గూగుల్ యాప్‌లు వేయాలనుకుంటే మొదటిసారి ఓఎస్ తెరవకముందే వేయాలి. నేను ఒకసారి చూద్దాంలే అని ముందు ఓఎస్ తెరిచి, తర్వాత గూగుల్ ప్యాకేజీ వేశా. ప్లే సర్వీసెస్ ఆగిపోయింది అన్న మెసేజ్ నిమిషానికి పదిసార్లు వచ్చింది, చివరికి ఫార్మాట్ చేసి మొదటి నుంచి చేశా.

అన్నీ అయ్యాక రీబూట్ సిస్టమ్ నౌ. మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. పావుగంట దాటినా లోగోనే తిరుగుతుంటే, రికవరీకి వెళ్లి మళ్లీ ఫార్మాట్ డేటా చేసి చూడండి.

గూగుల్ లేకుండా ఒక నెల

నా మాట వింటే, మొదటి నెల గూగుల్ ప్యాకేజీ లేకుండానే వాడి చూడండి. ఎలాగూ రెండో ఫోనే కదా. ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ వేసుకుంటే ఓపెన్ సోర్స్ యాప్‌లు చాలా అక్కడ దొరుకుతాయి: వీడియోలకి న్యూపైప్, దారికి ఆర్గానిక్ మ్యాప్స్, పాడ్‌కాస్ట్‌లకి ఆంటెన్నాపాడ్, మెయిల్‌కి థండర్‌బర్డ్. మన రాష్ట్రాల మ్యాప్ ముందే దించుకుంటే ఆర్గానిక్ మ్యాప్స్ నెట్ లేకుండా దారి చూపిస్తుంది, శ్రీశైలం ఘాట్‌లో సిగ్నల్ పోయినప్పుడు దాని విలువ తెలిసింది. ప్లే స్టోర్‌లో మాత్రమే ఉన్న యాప్ కావాలంటే అరోరా స్టోర్ ద్వారా అకౌంట్ లేకుండా దించుకోవచ్చు. వాటిలో గూగుల్ సర్వీసుల మీద ఆధారపడినవి కొన్ని నోటిఫికేషన్లు ఇవ్వవు.

తెలుగు విషయంలో దిగులు అక్కర్లేదు. చదవడానికి ఫాంట్ ముందే ఉంటుంది, ఫోన్ భాష కూడా తెలుగులోకి మార్చుకోవచ్చు. టైపింగ్‌కి ఎఫ్-డ్రాయిడ్‌లో ఇండిక్ కీబోర్డ్ ఉంది. కేరళలో మలయాళం కంప్యూటింగ్ కోసం మొదలైన స్వచ్ఛంద బృందం నుంచి వచ్చింది అది. ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల కీబోర్డ్ అమరిక) అలవాటున్నవాళ్లకి అదీ ఉంది, ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లకి ట్రాన్స్‌లిటరేషన్ కూడా ఉంది. ఏ కీబోర్డ్ అయినా మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ చూస్తుంది కాబట్టి, నెట్ పర్మిషన్ లేని కీబోర్డ్ వాడటం నాకు మనశ్శాంతిగా ఉంది.

అప్‌డేట్లు సెట్టింగ్స్‌లో అప్‌డేటర్ నుంచే వస్తాయి, నొక్కితే చాలు. ఆండ్రాయిడ్ వెర్షనే మారేటప్పుడు మాత్రం వికీ చూసి చేత్తో చేయాలి, గూగుల్ ప్యాకేజీ ఉంటే దాన్ని కూడా కొత్త వెర్షన్‌ది వేయాలి.

తిరగబడితే

ఫాస్ట్‌బూట్ తెర వస్తున్నంత వరకు ఫోన్ బతికే ఉన్నట్టు. ఆఫ్ చేసి వాల్యూమ్ అప్, పవర్ కలిపి పట్టుకుంటే ఫాస్ట్‌బూట్, వాల్యూమ్ డౌన్, పవర్ అయితే రికవరీ. రెండో అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టండి, చాలావరకు సరిపోతుంది.

ఒక్కటి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు: లీనియేజ్ ఉండగా బూట్‌లోడర్‌కి మళ్లీ తాళం వేయడం. ఈ ఫోన్‌లో అలా చేస్తే లోపలున్న ఓఎస్‌ని అదే బయటికి నెట్టి, ఫోన్ లేవకుండా చేస్తుంది. తాళం వేయాలంటే ముందు పూర్తిగా కంపెనీ ఓఎస్‌కి వెళ్లాలి. పిక్సెల్ మీద గ్రాఫీన్ సంగతి వేరు, అక్కడ ఎక్కించాక తాళం వేయమనే చెప్తారు, అదే దాని గొప్పతనం. అలాగే షావోమీ ఫోన్లలో పాత వెర్షన్‌కి వెళ్లేటప్పుడు యాంటీ రోల్‌బ్యాక్ (వెనక్కి వెళ్లనివ్వని అడ్డు) సంగతి చూసుకోండి. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రో వాడిన చాలామంది ఇది తెలియక షావోమీ సొంత ఓఎస్ మీయూఐ పాతది వేసి ఫోన్లు పోగొట్టుకున్నారు.

ఇంకా ఓపిక ఉంటే

ఇదే ఫోన్ మీద పోస్ట్‌మార్కెట్ ఓఎస్ కూడా నడుస్తుంది. సిద్ధంగా ఉన్న ఇమేజ్‌లు రెండు దించి, "ఫాస్ట్‌బూట్ ఎరేజ్ డీటీబీఓ" కొట్టి, ఒకటి బూట్‌లో, ఇంకోటి యూజర్‌డేటాలో ఫ్లాష్ చేయాలి. ఆ డీటీబీఓ, అంటే ఫోన్ హార్డ్‌వేర్ వివరాలుండే భాగం, ఆండ్రాయిడ్‌కి అవసరం కాబట్టి వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ రాయాల్సి ఉంటుంది, దాని ఫైల్ ముందే దగ్గర పెట్టుకోండి. మొదటి పాస్‌వర్డ్ 147147. తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే టెర్మినల్‌లో ఏపీకే యాడ్‌తో నోటో తెలుగు ఫాంట్ వేసుకోండి. కెమెరా మీద ఆశ పెట్టుకోవద్దు, కాల్స్ మీదా పెట్టుకోవద్దు. నేను దానికి ఒక కీబోర్డ్ తగిలించి, మా అక్క కొడుక్కి టెర్మినల్ నేర్పడానికి వాడుతున్నా. మొన్న వాడు తనంతట తానే డిస్క్‌లో ఎంత చోటుందో చూసే కమాండ్ కొట్టి, "మామయ్యా, ఇది ఫోనా కంప్యూటరా?" అని అడిగాడు.